ఎనభై ఒక్క కప్పులు

బ్రసీలియాలో ఆగస్టు. నాలుగు నెలలుగా చినుకు లేదు.
ఎర్ర దుమ్ము సెనేట్ తివాచీ దాకా వచ్చింది.
నా పేరు జురేమా. కాఫీ ట్రాలీ తోస్తాను.
సుప్రీం కోర్టుకి జడ్జి కాబోయే ఆయన
గది గదికీ తిరిగి దండాలు పెట్టుకునే రోజుల్లో
ఆయన వెనకే నా చక్రాల కిర్రుకిర్రు.

సెనేటర్ వాల్దోమిరో రాజ్యాంగం ఊసెత్తలేదు.
తన నది మీది ఆనకట్ట కేసు
ఎప్పటికి తేలొచ్చని అడిగాడు.
డాక్టర్ ఎవిలాజియో చెంచా తిప్పాడు.
చక్కెర ఎప్పుడో కరిగింది. ఇంకా తిప్పాడు.
"చట్టం ఏం చెబితే అది" అన్నాడు,
సెనేటరుకి ఔననీ, పత్రికలకి కాదనీ వినిపించేటట్టు.
నీళ్ళు నమలడం ఎరుగుదును,
కాఫీ నమలడం అప్పుడే చూశాను.

చేదుగా తాగేవాళ్ళ దగ్గర చేదుగా,
పాకంలా తాగేవాళ్ళ దగ్గర పాకంలా.
పాస్టరు సెనేటర్ గదిలో నిమ్మగడ్డి టీ.
సాయంత్రానికి చేతులు వణికేవి, పాపం.
ఎవరూ చూడనప్పుడు నా దగ్గరికొచ్చి
మంచినీళ్ళడిగేవాడు. రెండు గ్లాసులు.

అంతకుముందు ఏప్రిల్లో ఒకావిడ వచ్చింది,
బెలెం నుంచి, డాక్టర్ ఇరాసీ.
అడిగినదానికి అడిగినంతా చెప్పేది.
ఆవిడ కప్పు ప్రతి గది నుంచీ
నిండుగానే, చల్లారి, తిరిగొచ్చేది.
పేరు ఓటు దాకా రానే లేదు.
అధ్యక్షుడి మనిషి వేళ్ళ మీద లెక్కేసుకుని
"మంచి మనిషే" అన్నాడు లిఫ్టులో,
పోయినవాళ్ళ గురించి అన్నట్టు.

నలభై ఒకటి కావాలి. రహస్య ఓటు.
ఈయనకి నలభై మూడు పడ్డాయి.
ఆ రోజు నేనూ చప్పట్లు కొట్టాను, దాచడమెందుకు?
మా వాడలో నాలుగు వందల ఇళ్ళ పట్టా కేసు ఆ కోర్టులోనే ఉంది.
నిటారుగా నిలబడి ఇంటికెళ్ళిపోయిన జడ్జి కన్నా
వంగైనా లోపలికెళ్ళిన జడ్జి నయమనుకున్నాను.
నా లెక్కా వేళ్ళ మీదిదే.

కేసు పిలిచారు. ఐదుగురు అటు, ఐదుగురు ఇటు.
ఆయన వంతు.
ఫైలు ఒకసారి చూసుకోవాలన్నాడు.
పదకొండు నెలలైంది. చూస్తూనే ఉన్నాడు.
ఇళ్ళు కూలలేదు.
మావీ కాలేదు.

మా తమ్ముడు తిడతాడు. నాకు తిట్టు నోటికి రాదు.
ఆ చెంచా ఇంకా తిరుగుతున్నట్టే ఉంటుంది,
అడుగున ఏం మిగిలిందో ఆయనకైనా తెలుసో లేదో.
కూడలికి అవతల, ఆ గాజు మేడలో
ఇప్పుడు కాఫీ ఎలా తాగుతాడో,
ఎవరి రుచికి తాగుతాడో,
అది నా ట్రాలీ తిరిగే వరండా కాదు.