కొసరు

రొయ్యల సెంటర్లో వేబ్రిడ్జి కింద
లోడుసెల్ ఒకటి పోయింది.
కొత్తది రాజమండ్రి నుంచి రేపొస్తుందన్నారు.
రాత్రి రైలు టిక్కెట్టు
చొక్కా జేబులోనే చెమటకి మెత్తబడింది.

అలా నర్సాపురంలో
నాకో రోజు ఎక్కువొచ్చింది.

ఇరవై రెండేళ్ళ నుంచీ వస్తున్నాను,
నెలకోసారి, పొద్దున దిగి రాత్రి ఎక్కడం.
ఈ ఊరు నాకు గ్రాముల్లో తెలుసు.
ఏ కిరాణా కొట్లో ముల్లు ఎడమకి మొగ్గుతుందో,
ఏ మిల్లులో తడి ధాన్యానికి వేరే కాటా ఉందో,
లేసు ఏజెంటు కోటిలింగం త్రాసుకి
కుడి పళ్ళెం అడుగున
నాలుగు గ్రాముల లక్క ఎన్నాళ్ళుగా ఉందో.
తెలుసుకోవడం నా పని.
చెప్పడం కాదు అనుకునేవాణ్ణి.

అలవాటుకొద్దీ అయిదింటికే లేచాను.
పనిముట్ల సంచీ గదిలో వదిలేసి నడుస్తుంటే
కుడి భుజం పైకి లేచిపోతోంది,
సరుకు తీసేసిన పళ్ళెంలా.
మెస్సు తాతబ్బులు నన్ను చూసి
"ఆయ్, ఇంకా ఉన్నారేటండీ?" అన్నాడు,
కర్మకాండ అయిపోయినవాడు తిరిగొచ్చినట్టు.
నిలబడి తినే ఇడ్లీ కూర్చుని తిన్నాను.
అల్లప్పచ్చట్లో బెల్లం వేస్తారని
ఇన్నాళ్ళకి తెలిసింది.

ఈ ఊరికి మధ్యాహ్నం ఉంటుందని కూడా తెలీదు నాకు.
షట్టర్లు సగం దించి ఉన్నాయి.
వాచీలు బాగుచేసే ఆయన కంటికి భూతద్దంతోనే
నిద్రపోతున్నాడు.
కాలవ లాకుల మీద ఒక కొంగ,
దాని కింద గుర్రపుడెక్క,
దాని కింద నీళ్ళు ఉండే ఉంటాయి.

వలందర రేవుకి పోయే సందులో
గుమ్మంలో కూర్చుని లేసు అల్లుతోంది ఒకావిడ.
పేరు కరుణమ్మ, తర్వాత చెప్పింది.
మంచినీళ్ళడిగితే మజ్జిగిచ్చింది.
"ఎవరి తాలూకండీ?"
కాటాల మెకానిక్కునన్నాను.
సూది ఆగింది.

"అయితే మీకు తెలుస్తాదేమో.
వంద గ్రాముల దారం తూచిస్తారు.
అల్లి తీసుకెళ్తే తొంభై రెండే తూగుద్ది.
పీలిక కూడా పారెయ్యనండి.
ఆ ఎనిమిదికీ కూలి కోత.
నా చేతి వేడికి
ఆవిరైపోద్దేమో అనుకుంటా."

పోయేటప్పుడు దారం కుడి పళ్ళెంలో.
వచ్చేటప్పుడు లేసు ఎడమ పళ్ళెంలో.
నాలుగూ నాలుగూ.
గ్లాసు అడుగున కరివేపాకు ముక్క
అలాగే చూస్తూ ఉండిపోయాను.
ఎంత కాలంగా అల్లుతున్నారని అడగలేదు.
ఆవిడే చెప్పింది.
దానికి లెక్క కట్టకుండా ఉండలేకపోయాను.

గదికెళ్ళి సంచీ తెచ్చుకున్నాను.
కోటిలింగం నన్ను చూడగానే
ఎప్పటిలాగే కుర్రాణ్ణి టీకి పంపాడు.
పళ్ళెం బోర్లించి లక్క గీకేశాను.
గోధుమరంగు పెళుసు, గోరంత కూడా లేదు.
బల్ల మీద వాడి ముందే పెట్టాను.
"ఇవాళ మీ డ్యూటీ కాదు కదా" అన్నాడు.
కాదన్నాను.
"మళ్ళీ అంటించుకోలేననుకున్నారా?"
ఆ ముక్క మటుకు నిజమే.
వచ్చే నెల కూడా చూస్తానన్నాను.
టీ వచ్చింది. తాగలేదు. చల్లారేదాకా
ఇద్దరం దాన్నే చూశాం.
బిల్లు బుక్కు తియ్యబోయి మానేశాను.

పొద్దు వాలాక సఖినేటిపల్లి పంటు ఎక్కాను.
టిక్కెట్ల కుర్రాడు
"అవతలెవరైనా ఉన్నారాండి?" అన్నాడు.
లేరన్నాను.
"మరి?"
"చూద్దామని."
వాడు చిల్లర ఇస్తూ నా మొహం చూశాడు.

కొబ్బరికాయల లారీ ఒకటి ఎడమ పక్కకి ఎక్కింది.
పంటు ఒరిగింది.
వశిష్ట నీళ్ళు పలకల మీదికి వచ్చి
చెప్పులు తడిపి పోయాయి.
"జనం కుడికి జరగాలండీ, కుడికి!"
మేకని ఎత్తుకుని ఒక ముసలాయన,
సైకిళ్ళు, పిల్లలు, చేపల గంప,
అరవై మూడు కిలోలు నేను,
జరిగాం.