ఎడమ చెవి

శనివారం రాత్రి పది దాటినంక
హనుమకొండ చౌరస్తాల, విత్తనాల దుకాణం మీద,
కోడిగుడ్ల అట్టలు గోడలకంటించిన గదిల
నేను ఎర్రలైటు వేస్త.

నాకు ఎడమ చెవి వినపడదు.
ముప్పై ఏండ్లు కాజీపేట డీజిల్ షెడ్డుల
ఇంజన్ల దిక్కు తిప్పిపెట్టిన చెవి అది,
నాకంటె ముందే రిటైరైంది.
హెడ్‌ఫోన్ ఒక దిక్కే పెట్టుకుంట.
రెండోది మెడకాడ వేలాడుకుంట
ఎవరికో పాడుతుంటది.

రికార్డులన్నీ లెస్లీ పింటో గార్డువి.
రైల్వే క్వార్టరు ఖాళీ చేసేనాడు
ఇనుప ట్రంకు నా సైకిలు మీదికెత్తి
"ఎండ తగలనియ్యకు, పెండ్లిళ్ళల్ల వెయ్యకు"
అని రెండే మాటలు చెప్పి పోయిండు.
తెరిస్తే నాఫ్తలిన్ వాసన.
దాని కింద మిసిసిపీ బురద, మాలి ఇసుక,
పోర్చుగల్ రేవుల నల్లశాలువ కప్పుకున్న ఒకామె గొంతు,
ఇంకా, హంగరీల ఎవరిదో పెండ్లి ఫిడేలు.
అట్టల మీద పేర్లు సగం చెదలు తిన్నయి.
తిన్నకాడ నేనే పెట్టుకున్న:
గుడ్డితాత. పత్తిచేను మూడు. ఉప్పు మోసేటోళ్ళు.

ఎవరింటరు గివి, అంటది నా భార్య.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాల మీద
ఒరిగిన హమాలీలు ఇద్దరు ముగ్గురు.
ఎంజీఎం దవాఖాన రాత్రి డ్యూటీ సిస్టరు.
పదిన్నర భూపాలపల్లి బస్సు డ్రైవరు,
ములుగు రోడ్డు మీద సిగ్నలు తెగేదాక వింటడు.
ఆరేండ్ల సంది నా ప్రోగ్రాం
సగం తర్వాత ఏముంటదో ఆయనకు తెల్వదు.

మిర్చి సీజన్ల ఘాటు కిటికీల నుంచి వస్తది.
దగ్గుత.
అదీ పాటలదే అనుకుంటరు.

నాకొక అలవాటుండె.
గుడ్డితాత తీగ మీద సీసామూతి జారిస్తే
"ఇది మన కిన్నెర లెక్క" అందును.
పత్తిచేన్ల కూతకు మన నాట్లపాట,
ఎడారి డప్పుకు మన ఒగ్గుడోలు.
బోగీకి బోగీ తగిలించినట్టు.
షెడ్డు బుద్ధి, ఏది ఒంటిగ నిలబడ్డా
చెయ్యి గుంజుతది.

ఓ రాత్రి పదకొండు దాటినంక ఫోను.
"గవిచర్ల నుంచి, బైండ్ల కొంరవ్వను.
ఏం తమ్మీ, ప్రతి పాటకు మా పాట లెక్కుందంటవు?
నా జమిడిక నా పెనిమిటి జమిడిక లెక్కనే పలుకదు,
గాయన తీగ లెక్కెట్ల పలుకుతది?
ఆయనేందో చెప్పుకుంటాండు.
నడుమ నీ పెద్దరికమేంది?
ఇంకోపారి ఎయ్యి.
నోరు మూసుకొని ఎయ్యి."

ముల్లు మళ్ళ మొదటికి పెట్టిన.
ఏమనలే.
మూడు నిమిషాలు.

పలక మీద ఆయన కాలు తప్పుడు తాళం వేస్తాంది,
కావాల్ననే.
ఒకకాడ తీగ జారింది. ఆగిండు. ముక్కు ఎగబీల్చిండు.
చివర్ల ఎక్కడ్నో ఒక కుక్క మొరిగింది,
ఎప్పటి కుక్కో, ఏ వాకిలిదో.
కింద చాయ్ డబ్బా రేడియోల విని
చౌరస్తా కుక్క లేచి బదులిచ్చింది.
"లెక్క" అని నోటిదాక వచ్చింది.
మింగిన.

కొంరవ్వ ఫోను పెట్టలే.
లైన్ల ఆమె ఊపిరి. ఏదో పాత్ర పక్కకు జరిపిన చప్పుడు.
పాటైపోయినంక అడిగింది:
"ఏమన్నడు?"
"తెల్వదవ్వా."
"ఊఁ. గట్ల చెప్పు మరి."

అప్పటికి ములుగు రోడ్డు మీద బస్సు
సిగ్నలు దాటి చానసేపైంది.

గుడ్డితాతను మూడోసారి పెట్టిన.
ఎవ్వలడగలే.
మెడకాడ వేలాడేదాన్ని తీసి
ఎడమ చెవికి పెట్టుకున్న.
ఏం వినపడలే.
వెచ్చగ ఉండె.