నలభై రెండు సంతకాలు

ముప్పై రెండేళ్లుగా
మా గుడిలో సంతకాల బల్ల నాది.
పూజ ముగిశాక
వస్త్రాల గది తలుపు పక్కన కూచుంటాను.
ఎనిమిదో తరగతి పిల్లలు వరసలో వస్తారు,
చేతుల్లో నీలం అట్ట పుస్తకాలు.
ఆదివారానికొకటి, మొదటి శుక్రవారానికొకటి,
పాపసంకీర్తనానికొకటి.
భద్రమైన అభ్యంగనం అందుకోవాలంటే
నలభై రెండు ఉండాలి.

నా పేరు లుద్వికా.
మొదటి అక్షరం తప్ప తక్కినదంతా గీతే,
పిల్లలకు అది చాలు.
కొందరు పూజ సాగినంతసేపూ బయట గోడకానుకుని
చివరి గంటకు లోపలికొస్తారని నాకు తెలుసు.
బూట్ల మీద కరగని మంచు చెప్పేస్తుంది.
అయినా పెట్టాను.

మే నెలలో మేత్రాణులు వస్తారు.
నుదుటి మీద పరిమళ తైలం,
ఫోటోలు, కేకు, జ్ఞానతండ్రి కొనిచ్చిన చేతిగడియారం.
ఆ తరువాతి ఆదివారం
పిల్లల బెంచీల్లో
ఇద్దరు అక్కచెల్లెళ్లు, వాళ్లూ కునికిపాట్లు.
విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం అది.
నీసా నది ఒడ్డున మా ఊళ్లో మాత్రం
వీడ్కోలు సభ.

ఎందుకు పోతున్నారు?
ఫోన్లు అంటారు విచారణ గురువులు.
వ్రోత్స్వాఫ్ కాలేజీలు అంటాడు గంట కొట్టే తదేయుష్.
తల్లులు తండ్రుల్ని అంటారు.
తండ్రులు కార్లలో కూచుని
కిటికీ అద్దం కొంచెం దించి పొగ వదుల్తారు.

నేనేమీ అనను.
కొందరికి ఊరికే విసుగు. కొందరికి తెల్లవారదు.
వాళ్ల కోసం నాకెప్పుడూ నిద్ర చెడలేదు.
కానీ నా సొరుగులో ఒక పుస్తకం ఉంది,
ముప్పై తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

ఆ రోజు బోగ్నా పుస్తకం తెరవలేదు.
మూసిన అట్ట మీద అరచెయ్యి పెట్టి అడిగింది:
"పాత గురువుల్ని రాత్రికి రాత్రే ఎందుకు పంపేశారు?
మా తమ్ముడు పీఠం దగ్గర సేవ మానేసిందీ ఆ వారమే.
వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదేం?"

ఆమె వెనక ఇంకా పదకొండు మంది.
ఆర్పిన కొవ్వొత్తుల వాసన.
నా కలం మూత తీసే ఉంది.
"ఇలాటివి గుడిలో మాట్లాడకూడదమ్మా" అన్నాను.
పుస్తకం లాక్కుని
సంతకం పెట్టాను.

చిల్లర తక్కువొచ్చిన మనిషి
అరచెయ్యి చూసుకున్నట్టు
దానివైపు చూసింది.
పుస్తకం బల్ల మీదే వదిలేసి
గుమ్మం దగ్గర ఆగి
"నేను అడిగాను" అంది.
అంతే.

ఎనిమిదేళ్లు.
బోగ్నా దేవుణ్ణి వదిలేసిందని ఊరంతా అంటుంది.
నేనూ తలూపాను, రొట్టెల కొట్లో, రెండుసార్లు.

ఈ నవంబరు, సకల పునీతుల సాయంత్రం,
సమాధుల తోటలో కనిపించింది.
గుడి మొహం చూడనివాళ్లూ ఆ రోజు అక్కడికొస్తారు.
ఎర్రగాజు బుడ్లలో దీపాలు,
గుట్టంతా ఊదిన నిప్పుల్లా.

వాళ్ల అమ్మమ్మ సమాధి మీద ఆకులు ఏరింది.
సిలువ గుర్తు వేసుకోలేదు.
పేరులో పట్టిన నాచును
ఇంటి తాళంచెవితో గీకుతూ కూచుంది,
ఒక్కో అక్షరమే,
నేను మా వాళ్ల దగ్గర జపమాల పూర్తిచేసేదాకా.

పక్కన తమ్ముడు.
నాకంటే పొడుగయ్యాడు.
నా వైపు చూడలేదు.

నా కోటు జేబులో నీలం పుస్తకం.
ఎందుకో ప్రతి ఏడూ తెస్తాను.
తియ్యలేదు.
"బోగ్నా, ఆవేళ నువ్వు అడిగినదానికి..."

తాళంచెవి ఆగింది.

"చెప్పండి" అన్నాడు.
ఆమె కాదు, అతను.

పక్క సమాధి గట్టు
తడిగా ఉందని తెలిసే
కూచున్నాను.