మిగిలిన లీటరు

ఆంట్వెర్ప్ రేవులో, పదిహేడో షెడ్డులో
ఏడాది పొడుగునా అరటిపండు వాసన.
పండేమీ లేదు. బ్యూటైల్ అసిటేట్.
ఓడకో సీసా చొప్పున
తొంభై రోజులు దాచిపెట్టడం నా ఉద్యోగం.

ఈ సరుకు ఉల్సాన్‌లో ఓడెక్కింది.
మలక్కా దాటకముందే ఒకడు అమ్మేశాడు,
ఎర్రసముద్రం మొగలో ఇంకొకడు,
బిస్కే తుఫానుకి ఓడ ఒరుగుతుంటే
జెనీవాలో కాఫీ చల్లారేలోగా మరో ఇద్దరు.
నాలుగు చేతులు మారింది.
ఒక్కరి వేలూ తడవలేదు.

టెక్సస్‌లో పైపులు గడ్డకట్టిన వారం
టన్నుకి నూట ముప్ఫై డాలర్లు లేచింది.
అప్పుడు సరుకు బంగారం,
ఎవరూ వంక పెట్టలేదు.
మంచు కరిగింది. ధర జారింది.
మర్నాడు పొద్దున్నే ఫోను:
"ఇందులో నీళ్లున్నాయి!"

ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను.
ధర పడ్డ చోటే
నీళ్లు పడతాయి.

ఇద్దరు సర్వేయర్లు వచ్చారు, ఒక లాయరు,
లాయరు వెనక గొడుగు పట్టుకున్న కుర్రాడు.
అందరి ముందూ సీలు తెంపాను.
నీటిని లెక్కపెట్టే యంత్రం
తనకేమీ తెలియనట్టు కాసేపు గురగురలాడి
ఒక అంకె చెప్పింది.
ఉండాల్సినంతే ఉంది.
లాయరు ఆ అంకెని
ఎదుటివాడి బిడ్డ మార్కుల్లా చూశాడు.

బయట తదేయుష్ లారీ నింపుకుంటున్నాడు,
మెఖెలెన్‌లో బల్లలకి మెరుగుపెట్టే వాళ్ల కోసం.
"తగువు తేలిందా, గోదెలీవ్?
ఎందుకంత గొడవ?
అది బల్ల మీద పట్టుమని గంట కూడా ఉండదు.
మెరుపుని దింపేసి గాల్లోకి పోతుంది.
పోతుందనే కొంటారు దాన్ని.
ఉండిపోతే ఎవడిక్కావాలి?"
ఖాళీ లారీతో తిరిగొచ్చే మనిషి,
అతనికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

తొంభై ఒకటో రోజు
సీసాలో మిగిలింది వ్యర్థాల పీపాలో పోశాను.
ఆరు వేల టన్నుల్లో
ఎవరూ కొననిదీ, ఎవరూ అమ్మనిదీ
ఈ కాస్తే.
పీపాలో పడేటప్పుడు మామూలు నీళ్ల చప్పుడే చేసింది.

సాయంత్రం బస్సులో
ఎదురు సీటు పిల్ల నా సంచీ వంకే చూస్తోంది,
ముక్కుపుటాలు ఎగరేస్తూ.
వాళ్లమ్మ గిల్లింది. అయినా చూపు తిప్పదు.
చివరికి సంచీ విప్పి చూపించాను:
తాళాలు, చేతి తొడుగులు, సగం రొట్టె.
నమ్మలేదు.
దిగేదాకా నన్ను
పండు దాచుకున్న పిసినారిలా చూసింది.