పేరు ముందొచ్చిన చెట్టు

అకితా కొండల్లో, గుడి వెనక మెట్ల పక్కన
త్సుగుయో ఊడుస్తున్న ఆకులు
బొదాయిజువి.
బొదాయి అంటే బోధి. జు అంటే చెట్టు.
అరవై ఏళ్లుగా ఆమె చీపురుకి తెలిసిందింతే.
జూలైలో పసుప్పచ్చ పూలు పూస్తాయనీ,
తేనెటీగల రొదకి
లోపల పూజారి మంత్రం తప్పుతాడనీ కూడా.

ఇప్పుడు నవంబరు.
శ్రీలంక నుంచి వచ్చిన కుర్రభిక్షువు విమలజోతి
రెండు జతల మేజోళ్లలో వణుకుతూ
చెట్టుకేసి తలెత్తి చాలాసేపు చూశాడు.
"అమ్మా, ఇది అది కాదు."

పుస్తకం మడతలోంచి ఒక ఎండు రావి ఆకు తీశాడు.
గుండె ఆకారమే. కొసన మాత్రం
వాన జారిపోవడానికి సన్నటి పొడుగాటి తోక.
ఆమె రాలిన ఆకొకటి ఏరి పక్కన పెట్టింది.
దీనికి అంచంతా రంపపు పళ్లు,
తోక లేదు.

"మరి మాది?"

"ఆ చెట్టు ఈ చలికి బతకదు.
పేరొక్కటే ఓడెక్కింది.
చైనాలో పుతి అయింది,
మీ రేవులో దిగేసరికి బొదాయి.
ఎక్కడ వాలాలో తెలీక, ఆకు పోలిక చూసి
దీనిమీద వాలింది."

ఆమెకు కోపం రాలేదు. చీపురు ఆగింది, అంతే.
"మీ ఊళ్లో ఏమంటారు?"

"బో. ఒక్క అక్షరం, నోరు తెరిచేలోపే అయిపోతుంది.
మా అమ్మమ్మ ఎసతు అనేది.
ఇంకా వెనక్కి వెళ్తే అశ్వత్థం.
రేపటికి నిలవనిది అని కొందరు విడదీస్తారు.
కాదు, గుర్రాలు నిలిచే చోటు అని కొందరు.
తగువింకా తేలలేదు."

త్సుగుయో ముక్కు చీదుకుని మరీ నవ్వింది.
చెయ్యి పట్టుకుని చెట్టు అవతలి వైపుకి లాక్కుపోయింది.
బెరడు చుట్టూ నడుమెత్తున
పూడీ పూడని గాడి.

"మా నాన్న బొగ్గులమ్మేవాడు.
గుర్రం పేరు హయాతె, పేరుకే సుడిగాలి,
ఈ మెట్లదాకా రావడానికి పూటంతా పట్టేది.
ఇక్కడే కట్టేవాడు. తాడు ఒరుసుకున్న చోటిది.
ఇదిగో, కొరికింది కూడా."

కుర్రవాడు గాడిలో వేలు పెట్టి
ఎంతకీ తియ్యలేదు.

తోక ఉన్న ఆకుని ఆమె అడగలేదు.
అతను తోక లేనిదాన్ని
పుస్తకంలో దాని పక్కనే పెట్టుకుని వెళ్లాడు.

ఆ రాత్రి సముద్రం వైపునుంచి గాలి,
వెనకే మంచు.
తెల్లారి చూస్తే కొమ్మకి ఒక్క ఆకు లేదు.
నిలవనిదే అన్నమాట, అనుకుని త్సుగుయో
చీపురు గోడకానించి
పార తెచ్చుకుంది.