తరుగు

పొద్దున హన్మకొండ కాలేజీల
న్యాయమైన ధర అంటే ఏందో రాసుకున్న.
పగటీలి ఎనుమాముల యార్డుల
అదే పెన్నుతోని తక్‌పట్టీలు రాస్తున్న.

మిర్చి ఘాటుకు అందరం తుమ్ముతం,
సేటూ, హమాలీలూ, కాంటా కాడి ఓదెలూ.
ఘాటుకు పెద్దా చిన్నా లేదు.

బస్తాకు కిలో తరుగు.
గోనె బరువని ఒకరు, తేమ అని ఒకరు,
"మా తాతల నాటి నుంచి" అని సేటు.

ఇయాల మొగుళ్లపల్లి సారక్క
నలభై ఒక్క బస్తాలు దించింది.
ఆమె వేళ్ల కణుపుల మీద లెక్క
నా కాలిక్యులేటర్ కన్నా ముందే తేలింది.
"బిడ్డా, ఈ నలభై ఒక్క కిలోలు
ఎవరి కూరల పడ్తయి?"

లాభం వేరు, గుంజుకునుడు వేరు అని
పరీక్షల మూడు పేజీలు నింపిన.
పదికి ఎనిమిదొచ్చినయి.
ఇక్కడ ఒక్క గడి నింపనీకి
చెయ్యి ఆగింది,
అర నిమిషం.
వెనక ట్రాలీ హారన్ కొట్టింది.
సేటు కండ్లద్దాల మీదికెల్లి చూసిండు.

నింపిన.

సారక్క వేలిముద్ర వేసి
చీటీ కొంగున ముడేసుకుంది,
నన్నేమీ అనలే.

రాత్రి నోటుబుక్కు తెరిచి
న్యాయమైన ధర నిర్వచనం పక్కన
41 అని రాసిన.
రెండుసార్లు సబ్బుతో కడిగిన చెయ్యే,
కన్ను నలుపుకుంటే
ఇంకా మండుతనే ఉంది.