గిట్టుబాటు

పాలకొల్లు బజారులో మా కొట్టు ముందు
స్టీలు బిందెలు బోర్లా పడుకుని ఉంటాయి, పేర్ల కోసం.
"వానపల్లి సూరమ్మ గారి జ్ఞాపకార్థం" అని
పొద్దున్నుంచీ నలభై రెండు గిన్నెల మీద చెక్కాను.
ఇప్పటికీ "జ్ఞా" దగ్గర చెయ్యి తడబడుతుంది.

జోగిరాజు గారు వచ్చి కూర్చున్నారు,
చొక్కా నిండా చెరువుల మీది ఉప్పుగాలి.
కుర్రాణ్ణి టీకి పంపించమన్నారు.
వాడు వీధి మలుపు తిరిగాక
నడుం దగ్గర్నుంచి తీసి తువ్వాలు మీద పెట్టారు:
గుళ్ళన్నీ తీసేసిన చిన్న పిస్తోలు,
పండుగొప్ప పిల్లంత నలుపు.
పక్కనే లైసెన్సు కాగితం, నాలుగు మడతలు.

"ఆచారీ, దీని మీద ఓ తీగ వెయ్యాలి.
మరీ నాటుగా, ఎవడి సొత్తో అన్నట్టుంది.
పిడికి ఆ ప్లాస్టిక్కు తీసేసి కలప అతికించు.
అంత పోసి కొన్నాను, నాదని తెలియొద్దూ?"

ఎవరికి తెలియాలండీ, అన్నాను.
పగలు చొక్కా కింద, రాత్రి తలగడ కింద,
ఎలక్షన్లొస్తే స్టేషన్ బీరువాలో.
అమ్మగారైతే దాని వంకే చూడరంటిరి.
చూసేవాడంటూ ఒకడు ఎదురైన రోజున
వాడు తీగలూ పువ్వులూ చూస్తాడా?

ఆయన నవ్వలేదు.
"పట్టుబడి రోజున డబ్బు సంచీతో గట్టు మీద వస్తుంటే
చీకట్లో నా చెయ్యి దాని మీదే ఉంటుంది.
ఉట్టి ఇనుము తగిలితే
భయం తగ్గట్లేదయ్యా, పెరుగుతోంది."

అదీ సంగతి.

మా నాన్న లెక్క ఒకటుంది:
పేరు చెక్కేది వస్తువు తిరిగి రావడానికి.
పెళ్ళికి అరువెళ్ళిన గుండిగ
నాలుగు వీధులు తిరిగి, మసి పూసుకుని,
అంచున ఉన్న పేరు పట్టుకుని ఇల్లు చేరుతుంది.
దీన్లోంచి వెళ్ళేది ఏ ఇంటికీ తిరిగి రాదు.
పేరు వెయ్యనన్నాను. నంబరు జోలికి రానన్నాను.
పిడికి మటుకు, నరసాపురం రేవులో విప్పేసిన
పడవ టేకు ముక్క ఒకటి ఉంది, అది సరిపోతుంది.
మరీ బతిమాలితే ఇనుము మీద, బొటనవేలు ఆనే చోట,
గట్టున పూసే తుత్తురుబెండ పువ్వొకటి. ఐదు రేకులు.

మూడు రాత్రులు తలుపేసుకుని, కరెంటు పెన్ను పక్కనబెట్టి
నాన్న ఉలితోనే చేశాను.
మూడు వేలు అడిగాను. ఇచ్చి,
రెండు కిలోలు ముప్పై కౌంటు రొయ్యలు కూడా పంపించారు.

వానలు వెళ్ళాయి. ఎలక్షన్ వచ్చింది.
స్టేషన్లో రైటరు రసీదు రాశాట్ట:
"పిస్తోలు ఒకటి. నలుపు. వాడినది."
పడవ టేకు లేదు, పువ్వు లేదు.
ఆ కాగితం నా ముందు పెట్టి
"చూశావా, మూడు వేలు!" అన్నారు జోగిరాజు గారు.

విడిపించుకొచ్చాక చూస్తే పువ్వు ఎర్రబారింది.
గీత పడ్డ చోటే కదా తుప్పు దారి వెతుక్కునేది.
పూత చెదరనంత మేరా నల్లగా, క్షేమంగా ఉంది.
నేను అందం చేసిన చోటే చెడింది.
నూనె గుడ్డతో, పాత పళ్ళ బ్రష్షుతో
రేకూ రేకూ తోముతూ అడిగాను:
మరి గిట్టుబాటైందాండీ?

ఆయన చాలాసేపు కాలవ వైపు చూశారు.
గుర్రపుడెక్క తెట్టెలు తెట్టెలుగా పోతోంది.
"దొంగెవడూ రాలేదు గానీ,
ఓ రాత్రి మోటారు షెడ్డు వెనకాల ఎవడో కదిలాడు.
చెయ్యి వెళ్ళింది. వేలు పువ్వు మీద పడింది.
ఒకటి, రెండు, మూడు... రేకులు తడుముతున్నాను.
నాలుగో రేకు దగ్గర వాడు దగ్గాడు.
మన ఏరేటర్ల కుర్రాడు, సుందర్రావు.
జ్వరమట. మాత్ర అడుగుదామని వచ్చాడు."

ఐదో రేకు సంగతి నేనడగలేదు,
ఆయనా చెప్పలేదు.
టీ గ్లాసు మీద ఈగ వాలితే తోలాను.

మళ్ళీ తుప్పు పడుతుందండీ, అన్నాను, తువ్వాల్లో చుట్టి ఇస్తూ.
"పడనీ. వస్తాను," అన్నారు.